కాగితపు లెక్కలు – యంత్రపు చదువు



వర్తకునకు ఇనుపపెట్టెకంటె చిట్టా, ఆవర్జాలే పెన్నిధి. ఆ కాగితములకు చెదలు శత్రువు, చెమ్మ శత్రువు. నేటి అంగళ్లలో వేడిచే అచ్చుపడెడు రసీదులకు శత్రువే అక్కరలేదు. కొంతకాలమునకు అక్షరములు వానంతట అవియే వెలిసిపోవును. అందుచేత పత్రములను యంత్రముచే చదివించి కంప్యూటరున భద్రపరచు విద్య పల్లెవారికిని అవసరమైనది.

ఈ విద్య క్రొత్తది కాదు. 1950ల నడుమనే అమెరికాలో రీడర్స్ డైజెస్ట్ పత్రికవారు టైపుచేసిన అమ్మకపు పట్టీలను యంత్రముచే చదివించి చిల్లుల కార్డులపై నెక్కించుకొనిరి. తెలుగు అచ్చక్షరములను యంత్రము గుర్తించు పద్ధతిని గూర్చి రాజశేఖరన్, దీక్షితులు అను శాస్త్రజ్ఞులు 1977లోనే పరిశోధనపత్రము ప్రకటించిరి.

యంత్రము మొదట కాగితమును బొమ్మ తీయును. పిదప అందలి పంక్తులను వేరుపరచి, తాను ముందు నేర్చిన రూపములతో పోల్చి, ఇది ఫలానా అక్షరమని నిర్ణయించును. తెలుగున ఇది కష్టసాధ్యము. అక్షరము పైన గుడి, క్రింద వత్తు. ప, ఫ, ష లకు భేదము గీటంత. ఇక కరణముల గొలుసుకట్టు వ్రాతయెదుట పండితులే తడబడుదురు, యంత్రము మాట చెప్పనేల! వీసము మొదలగు పూర్వపు భిన్నముల గుర్తులు కంప్యూటర్ల ఉమ్మడి లిపిపట్టికయైన యూనికోడ్‌లో చేరినదే 2008లో.

మాటలో ఒక అక్షరము తప్పినను చదువరి సర్దుకొనును. అంకె తప్పినచో చెప్పువా రెవరు? 2013లో జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఒక వింత బయటపెట్టెను. ఇంటి పటములో ఒక గది వైశాల్యము 21.11 చదరపు మీటర్లు. కార్యాలయపు యంత్రము తీసిన నకలులో అది 14.13 అయినది. మసక లేదు, మరక లేదు. అంకె ముత్యమువలె స్పష్టము, అయినను అబద్ధము. వేరొక పట్టికలో 6 ఉన్నచోట 8 పడినది. చోటు కలిసివచ్చుటకై, ఒకేరీతిగ కనబడిన ముద్రలను ఒక్కటిగా నెంచి, ఒకదాని స్థానమున వేరొకటి అతికించు కుదింపు పద్ధతియే దీనికి కారణము. అనగా యంత్రము చదువక ముందే, బొమ్మ తీయుటలోనే మోసము జరిగినది. 1,680 రూపాయల పద్దు 1,880 అయినచో ఆ 200 రూపాయలు బాకీదారుని నెత్తిన పడును గదా!

కావున యంత్రము చదివిన పద్దులను మరల కూడి, పట్టీ అడుగునున్న మొత్తముతో సరిచూడవలయును. 2017 జూలై 1న అమలులోనికి వచ్చిన జి.ఎస్.టి. బిల్లులలో మరియొక సదుపాయము గలదు. వర్తకుని సంఖ్యకు 15 స్థానములు. చివరిది మొదటి 14 స్థానములనుండి గణించి కట్టినది. నడుమ ఒక గుర్తు తప్పు చదివినచో ఆ గణితము కుదురదు, తప్పు పట్టుబడును. ఎంత కుదిరినను మూలకాగితమును చింపివేయరాదు.

గొలుసుకట్టు వ్రాతగల పాత దస్తావేజులను బొమ్మలుగానే ఉంచి, పేరు, తేదీ, పైకము మాత్రము మనుష్యుడే చదివి ఎక్కించుట మేలు. ఆ వ్రాత చదువగల వృద్ధులు ఇంకను కొన్ని ఊళ్లలో నున్నారు. కంప్యూటరు నేర్చిన పిల్లవా డొకడు వారి ప్రక్కన కూర్చుండి వ్రాసికొనుట ఈ యేడే మొదలు కావలయును.