యాత్రలో తీసిన ఫొటోలకు రెండవ ప్రతి
(కనకమ్మ సత్రంలో జరిగిన మన సంఘపు యుగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం, పిల్లల పద్యాలు అయిన తరువాత రైల్వే గుమాస్తాలమైన మేము లేచి సెల్ ఫోనుల సంగతి మాట్లాడడం కొందరికి వింతగా తోచవచ్చును. మా చదువు మెట్రిక్కుతో ఆగింది. కంప్యూటరు విద్య నేర్చిన పిల్లలు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. అయినా కార్యదర్శిగారు ఈ విషయమే మాట్లాడమన్నారు. వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. మన కుటుంబాలలో కొందరు కాశీకి, కొందరు అమరనాథ్‌కు, చాలామంది సొంత ఊళ్లకు బయలుదేరుతున్నారు. అందరి చేతిలోనూ ఫోను ఉన్నది. అందరూ ఫొటోలు తీస్తారు. ఇంటర్నెట్ అందని చోట ఆ ఫొటోలను ఎట్లా కాపాడుకోవాలన్నదే మేము చెప్పదలచుకొన్నది.

ఫొటో పోతే మరొకటి తీసుకోవచ్చును గదా అని అనేవారున్నారు. మన వంటి వారి విషయంలో ఆ మాట చెల్లదు. మనలో కొందరి తాతలు ఉద్యోగాలకై ఇటు వచ్చినవారు. కొందరు ఉన్నచోటనే ఉన్నారు, ఎల్లయే జరిగింది. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో కలిసిన సంగతి పెద్దలకు తెలిసినదే. ఎట్లా అయితేనేమి, చుట్టాలు ఆ వైపు, మనం ఈ వైపు అయ్యాము. మన పిల్లలు తాతగారి ఊరు చూచేది ఏడాదికి నాలుగైదు రోజులు. తక్కిన మూడు వందల అరవై రోజులు ఆ ఊరు వారికి ఫొటోలలోనే ఉంటుంది.

మాకు తెలిసిన ఒక కుటుంబం ముసలి తండ్రిగారిని కాశీకి తీసుకొని పోయింది. ఘట్టం మెట్ల మీద కొడుకు చేతిలోని ఫోను గంగలో పడింది. ఆరు రోజుల ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఆ ఏడే తండ్రిగారు కాలం చేశారు. ఈనాడు వారింట గోడ మీద ఉన్న ఫొటో తోటి యాత్రికురాలు ఒకామె తన ఫోనులో తీసినది. ఆమె పంపకుంటే అదీ ఉండేది కాదు.

“మా ఫోనులో క్లౌడు ఉన్నది, అన్నీ దానంతట అవే పైకి పోతాయి” అని చాలామంది ధైర్యంగా ఉంటారు. పోతాయి, ఇంటర్నెట్ ఉంటే. చాలా ఫోనులలో వైఫై దొరికినప్పుడే పంపవలెనని అమరిక చేసి ఉంటుంది. యాత్రలో పది రోజులు వైఫై దొరకకపోతే పది రోజుల ఫొటోలూ ఫోనులోనే వేచి ఉంటాయి. గూగుల్ వారు ఉచితంగా ఇచ్చే 15 గిగాబైట్లు ఉత్తరాలకూ ఫొటోలకూ కలిపి. యాపిల్ వారు ఇచ్చేది 5. అది నిండితే పంపడం ఆగిపోతుంది. జమ్మూ కాశ్మీరులో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు పనిచేయవు, పోస్టుపెయిడ్ ఉండవలెను. అమరనాథ్ వెళ్లేవారు ఇది ముందే తెలుసుకోవాలి.

స్టేషనులలో ఉచిత వైఫై ఉన్నది గదా అని మమ్మల్ని అడుగుతూ ఉంటారు. దేశంలో ఆరు వేలకు పైగా స్టేషనులలో ఆ సౌకర్యం ఏర్పడిన మాట నిజమే. కాని అందులో ప్రవేశించడానికి ఫోనుకు ఓటీపీ రావాలి. సిగ్నలు లేకపోతే ఓటీపీ రాదు. ఉచితంగా ఇచ్చేది రోజుకు అర్ధగంట, 1 ఎంబీపీఎస్ వేగంతో. గుమాస్తా లెక్క వేసి చూడండి: అర్ధగంటకు 225 మెగాబైట్లు. ఫొటో ఒక్కింటికి 4 మెగాబైట్లు అనుకొంటే 56 ఫొటోలు. ఒక్క దర్శనం నాడే మనవాళ్లు రెండు వందలు తీస్తారు. పైగా బండి ఆగేది రెండు నిమిషాలు!

అయితే ఏమి చేయాలి? మన పూర్వులు ఒకరు చేసి చూపిన దారి ఉన్నది. చెన్నపట్నం సుప్రీము కోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. అప్పటికి మనదేశంలో రైలూ లేదు, తంతీ లేదు. వారు దారిలో చూచిన సంగతులను వ్రాసి, తమ మిత్రులు కోమలేశ్వరపు శ్రీనివాసపిళ్ళెగారికి పంపుతూ వచ్చారు. వీరాస్వామయ్యగారు 1836లో పరమపదించారు. పిళ్ళెగారు 1838లో ఆ వ్రాతలను ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చు వేయించారు. వ్రాసినదంతా ఒక్క పెట్టెలో పెట్టుకొని ఆయన నదులు దాటి ఉంటే, ఆ పెట్టె ఏ రేవులో మునిగినా మనకు ఆ పుస్తకం దక్కేది కాదు.

మా ఆఫీసు పనిలోనూ ఇదే పద్ధతి. పార్శిలు వే-బిల్లు చేతితో వ్రాసేటప్పుడు కార్బను కాగితం పెడతారు. ఒక ప్రతి పుస్తకంలో నిలుస్తుంది; ఒకటి పంపినవారి చేతికి పోతుంది; ఒకటి సరుకుతో కూడా బండిలో పోతుంది. ఒకటి తడిసినా మరొకటి చూపి సరుకు విడిపించుకోవచ్చును.

ఫొటోలకు కార్బను కాగితం వంటిది పెన్ డ్రైవు. టైప్-సి మూతి ఉన్న పెన్ డ్రైవు నేరుగా ఫోనుకే తగిలించవచ్చును. పాత పెన్ డ్రైవు ఉంటే ఓటీజీ అనే చిన్న తీగ కొంటే సరిపోతుంది. ఐఫోనులలో 2023లో వచ్చిన 15వ రకం నుండి టైప్-సి మూతే ఉన్నది. అంతకు ముందు వాటికి లైట్నింగ్ మూతి ఉన్న డ్రైవు అడిగి కొనాలి. 64 గిగాబైట్ల డ్రైవులో పన్నెండు వేల ఫొటోలకు పైగా పడతాయి. వీడియోలు ఎక్కువ తీసేవారు ఇంకా పెద్దది కొనుక్కోవాలి. నిమిషం వీడియో నూరు మెగాబైట్లు దాటవచ్చును. ఈ పనికి ఇంటర్నెట్ ఏమాత్రం అక్కరలేదు. కాని బయలుదేరక ముందు ఇంటి దగ్గర ఒకసారి తగిలించి చూడండి. కొన్ని ఫోనులలో ఓటీజీ అనే మీటను సెట్టింగులలో వేయవలసి ఉంటుంది.

ప్రతి రాత్రి చేయవలసిన పని ఇది. ఫోనులో ఫైళ్ల యాప్ తెరిచి, డీసీఐఎం అనే పెట్టెలోని కెమెరా పెట్టె నుండి ఆనాటి ఫొటోలు ఎంచి ‘కాపీ’ నొక్కండి. ‘మూవ్’ నొక్కవద్దు, మూవ్ అంటే ఇక్కడ తీసి అక్కడ పెట్టడం, అప్పుడు మళ్ళీ ఒక్క ప్రతే మిగులుతుంది. డ్రైవులో తేదీ పేరుతో పెట్టె చేసి అందులో అతికించండి. తరువాత రెండు వైపులా ఎన్ని ఉన్నవో లెక్క చూడండి. నాలుగైదు ఫొటోలు, ఒక వీడియో డ్రైవు నుండే తెరిచి చూడండి. ‘ఎజెక్ట్’ నొక్కిన తరువాతనే డ్రైవు ఊడదీయండి. అంతా కలిసి పది పదిహేను నిమిషాల పని.

ఆ తరువాత డ్రైవు ఎక్కడ పెట్టాలన్నదే ముఖ్యం. ఫోనూ డ్రైవూ ఒకే చేతిసంచిలో పెడితే దొంగకు రెండూ ఒకేసారి దొరుకుతాయి. అయ్యగారి జేబులో ఫోను ఉంటే, అమ్మగారి బట్టల పెట్టెలో డ్రైవు ఉండాలి. ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెడితే తడవదు.

పెన్ డ్రైవు లేనివారికీ ఉపాయం ఉన్నది. ఆండ్రాయిడ్ ఫోనులలో క్విక్ షేర్, ఐఫోనులలో ఎయిర్‌డ్రాప్ అనేవి పక్కనున్న ఫోనుకు ఇంటర్నెట్ లేకుండానే ఫొటోలు పంపుతాయి. రాత్రి బసలో తోటివారి ఫోనుకు ముఖ్యమైన యాభై ఫొటోలైనా పంపండి. వారివి మీరు ఉంచుకోండి. సిగ్నలు వచ్చినప్పుడు వాట్సాప్‌లో ఇంటికి పంపేవారు ‘డాక్యుమెంట్’గా పంపాలి. మామూలుగా పంపితే బొమ్మ చిన్నదై పోతుంది. అచ్చు వేయిస్తే మసకగా వస్తుంది.

కెమెరా వాడేవారు కార్డు నిండిందని చెరిపి మళ్ళీ వాడవద్దు. రెండవ కార్డు పట్టుకొని వెళ్లండి. ఎస్‌డీ కార్డు పక్కన ఉన్న చిన్న మీటను ‘లాక్’ వైపు జరిపితే పొరపాటున చెరిగిపోదు. ఎవరైనా చెరిపివేస్తే ఆ కార్డుతో ఇక ఒక్క ఫొటో కూడా తీయవద్దు. కొత్తది పడనంత వరకు పాతవి వెలికితీసే అవకాశం ఉంటుంది. దారిలో కనబడిన ప్రతి దుకాణం కంప్యూటరుకూ మీ డ్రైవు తగిలించవద్దు, వైరసు పట్టుతుంది.

ఇంటికి చేరిన తరువాత పని ముగియలేదు. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫరు ప్రచారం చేసిన ‘3-2-1’ సూత్రం ఒకటి ఉన్నది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. ఫోనులో ఒకటి, హార్డ్ డిస్కులో ఒకటి, క్లౌడులోనో ఊళ్లోని అన్నగారింటనో ఒకటి. ఈ మూడూ అయ్యేవరకు ఫోనులోనివి చెరపవద్దు. పెన్ డ్రైవు దారి ఖర్చుకే. దాని మీదనే ఏళ్ల తరబడి ఆధారపడరాదు.

మన ఊరి పేరులోనే సత్రం ఉన్నది. సత్రంలో రాత్రి దిగిన యాత్రికులు మూటలు లెక్కపెట్టుకొని గాని పడుకొనేవారు కారు. ఆ లెక్కలో ఇకమీదట ఫొటోలను కూడా చేర్చుకొనవలెనని మా మనవి. తల్లులకు మరొక మాట. ఈ పని పదేళ్ల పిల్లలు చక్కగా చేయగలరు. రాత్రి బసకు చేరగానే వారికే అప్పగించండి. తాతగారి ఫొటో భద్రం చేసినది తామేనని వారికీ జ్ఞాపకం ఉంటుంది.

ప్రసంగం అయిన తరువాత మేము ఆ పక్క బల్ల దగ్గర కూర్చుంటాము. ఓటీజీ తీగా, రెండు డ్రైవులూ తెచ్చాము. ఎవరికైనా సందేహం ఉంటే మీ ఫోను తెచ్చి చూపండి. ఇద్దరం కలిసి చేసి చూతాము.

అందరికీ యుగాది శుభాకాంక్షలు. మీ ప్రయాణాలు క్షేమంగా, లాభంగా జరుగుగాక. నమస్కారం.