కట్టి చూపిన పెద్దలు
(రేగొండ రైతులకు చేసిన ప్రసంగ పాఠం)



కొత్త వంగడం మంచిదంటే మీరు ముందు అడిగేది, "ఏ చేలో పండింది?" అని. ప్రదర్శన క్షేత్రం చూడనిదే నమ్మరు. ఇంటి విషయంలోనూ ఇదే పరీక్ష పెట్టవలెను.

హైదరాబాదులో భారత హరిత భవన మండలి అనే లాభాపేక్షలేని సంస్థ ఉన్నది. భారత పరిశ్రమల సమాఖ్య 2001లో దీనిని నెలకొల్పింది. నీరు, కరెంటు తక్కువ పట్టే భవనాలు కట్టేవారికి ఇది దారి చూపి, గుర్తింపు ఇస్తుంది. చాలాకాలం దీనికి అధ్యక్షులుగా ఉండి 2018లో కాలధర్మం చెందిన డాక్టర్ ప్రేమ్ జైన్, భవనాలకు ఏ.సి. ఏర్పాట్లు చేసే ఇంజనీరు. ఆయనే ఏ.సి. అవసరం తగ్గించే ఇళ్లు కట్టుమన్నారు.

ఈ పెద్దలు మాటలతో సరిపెట్టక, తమ కార్యాలయాన్నే ముందు అట్లా కట్టించారు. 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం దానిని ప్రారంభించారు. నడుమ వాకిలి, కప్పుమీద పచ్చిక, వాడిన నీటిని మొక్కల వేళ్ల ద్వారా శుభ్రపరచే ఏర్పాటు అందులో ఉన్నవి.

నడుమ వాకిలి మన తాతల ఇళ్లలోనిదే కదా! మట్టిగోడల పెంకుటిల్లు కూల్చే ముందు ఆలోచించండి. పగలంతా కాగిన స్లాబు రాత్రి సెగ విడుస్తుంది; పసిపిల్లలకు, ముసలివారికి నిద్ర ఉండదు. స్లాబు తప్పనిచో పైన తెల్లసున్నం పూయండి. పడమట వేపచెట్టు పెంచండి. స్నానాల నీరు అరటి పాదుకు, వాననీరు ఇంకుడు గుంతకు మళ్లించండి.

ఇవి చేయుమని మీకు చెప్పే పెద్దలను, నాతో సహా, ఒక్కమాట అడగండి: "మీ ఇంట చేశారా?"