పేరు చెరిపినా మనిషి దొరుకుతాడు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన విషయం "వ్యక్తిగత సమాచార రక్షణ మీద విశ్వవిద్యాలయాల పరిశోధన". ఆ మాట వినగానే వెనక వరసలో ఇద్దరు టీకి లేచారు, చూశాను. తప్పు పట్టను. నేను కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పేవాణ్ణి, మా పిల్లలు కూడా ఇలాగే లేస్తారు. కానీ ఇది మన ఇంటి సంగతే. అందుకని ముందు మా మేనత్త కథ చెప్పి, పరిశోధన దగ్గరికి తరువాత వెళ్తాను.

మా అత్త భివండిలో ఉంటుంది. మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. నాలుగు సాంచాల మీద ఇల్లు నడుపుకొస్తోంది. మూడేళ్ళ కింద ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. చక్కటి తెలుగు. ఇంటిపేరు చెప్పాడు, గోత్రం చెప్పాడు, మామయ్య పేరు చెప్పాడు. "పుణెలో బ్యాంకులో పనిచేసే మీ అబ్బాయికి యాక్సిడెంట్ అయిందమ్మా, ఆసుపత్రిలో కట్టాలి" అన్నాడు. నూలు బాకీకి దాచిన 40,000 రూపాయలు పక్కింటి కుర్రాడి చేత పంపించేసింది. సాయంత్రం కొడుకే ఫోను చేసి "అమ్మా, భోంచేశావా" అని అడిగాడు.

తరువాత నేను వెళ్ళి, ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఎలా నమ్మావత్తా అంటే, "ఏం చెప్పాలె బిడ్డా, గోత్రం చెప్పిండు, మనోడే అనుకున్న" అంది.

ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. మా బావ పనిచేసేది బ్యాంకులో కాదు, బీమా ఆఫీసులో. అతను బ్యాంకులో ఉన్నాడని రాసి ఉన్నది లోకంలో ఒకే ఒక్క చోట. మన కుటుంబాల డైరెక్టరీలో. ఆ పేజీ టైపు చేసింది నేను. నా తప్పే ఆ మోసగాడి నోట్లోంచి వచ్చింది. ఆ పుస్తకాన్ని పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టినప్పుడు "చాలా మంచి పని చేశారు" అని నాకు శాలువా కూడా కప్పారు. ఆ శాలువా ఇంకా బీరువాలో ఉంది.

ఇప్పుడు పరిశోధన. లటాన్యా స్వీనీ అనే ఆవిడ 1990లలో అమెరికాలో ఎం.ఐ.టి.లో విద్యార్థిని. అక్కడ కంప్యూటర్ సైన్సులో డాక్టరేట్ పొందిన మొదటి నల్లజాతి మహిళ ఆవిడే. మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య బీమా చూసే సంస్థ, సుమారు 1,35,000 మంది ఆసుపత్రి వివరాలను పరిశోధకులకు ఇచ్చింది. పేర్లు తీసేశాం, ఇబ్బంది లేదన్నారు. ఆ రాష్ట్ర గవర్నరు విలియం వెల్డ్ కూడా అదే భరోసా ఇచ్చారు. పేర్లు తీశారు సరే, పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్ కోడ్ లాంటి వాళ్ళ జిప్ కోడ్ మాత్రం ఉంచారు.

స్వీనీ 20 డాలర్లు పెట్టి గవర్నరు ఉండే కేంబ్రిడ్జి ఊరి ఓటర్ల జాబితా కొన్నది. అందులో పేర్లున్నాయి, పుట్టిన తేదీలున్నాయి. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టింది. గవర్నరు పుట్టిన రోజునే పుట్టినవాళ్ళు ఆ ఊళ్ళో ఆరుగురు. వారిలో మగవాళ్ళు ముగ్గురు. ఆయన జిప్ కోడ్‌లో ఉన్నది ఒక్కడే. దాంతో ఆయన వైద్యం వివరాలు బయటపడ్డాయి. ఆ కాగితాలను ఆవిడ నేరుగా ఆయన ఆఫీసుకే పంపింది.

మన వాళ్ళకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. మగ్గం మీద పాత పడుగు అయిపోతే కొత్త పడుగు పోగును పాత పోగుతో కలిపి అతుకుతాం గదా. వేల పోగులైనా, ఏ పోగు దేనికి చెందుతుందో వరస తెలిస్తే చాలు. స్వీనీ చేసింది అదే. ఒక జాబితా పోగుకు ఇంకో జాబితా పోగు అతికింది.

తరువాత 1990 జనాభా లెక్కలు తీసుకొని చూస్తే, అమెరికాలో 87 శాతం మందిని ఆ మూడు వివరాలతోనే విడిగా గుర్తుపట్టవచ్చని తేల్చింది. 2006లో ఫిలిప్ గోల్ అనే పరిశోధకుడు మళ్ళీ లెక్కవేస్తే 63 శాతం అని వచ్చింది. ఏది తీసుకున్నా నూటికి సగం పైనే.

అక్కడ మూడు వివరాలు. మన వధూవరుల పరిచయ పుస్తకం తీయండి. ఇంటిపేరు, గోత్రం, నక్షత్రం, పాదం, పుట్టిన తేదీ, పుట్టిన వేళ నిమిషాలతో సహా, చదువు, జీతం, ఎత్తు, రంగు, మేనమామ ఇంటిపేరు, సొంత ఇల్లుందా అద్దె ఇల్లా, ఫోను నంబరు, పైన ఫొటో. పేరు కొట్టేసినా ఆ పిల్ల ఎవరో మన ఊళ్ళో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. మనం చిన్న సంఘం. పైగా ఊరూరా చెదిరి ఉన్నాం. బరంపురంలో ఫలానా ఇంటిపేరు వాళ్ళు రెండే కుటుంబాలంటే, ఇంటిపేరు చెప్పడం గుమ్మం చూపించడంతో సమానం.

స్వీనీ ఊరికే భయపెట్టి ఊరుకోలేదు. 2002లో ఒక పద్ధతిని వివరిస్తూ వ్యాసం రాసింది. జాబితాలో ఏ వరస చూసినా, దానితో అచ్చం సరిపోయేవాళ్ళు కనీసం ఇంతమంది ఉండాలి. అయిదుగురు అనుకుందాం. తేదీ బదులు సంవత్సరం, పేట బదులు జిల్లా వేస్తూ పోతే వరసలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. దీన్ని కె-అనానిమిటీ అంటారు. దానికీ లోపాలున్నాయి. ఆ అయిదుగురికీ ఒకే జబ్బు ఉంటే, ఎవరో తెలియకపోయినా జబ్బు తెలిసిపోతుంది. అయినా మనబోటివాళ్ళకు చేతికందే పద్ధతి ఇదే.

విశ్వవిద్యాలయాలన్నీ కాపాడేవేనా అంటే, కాదు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పనిచేసిన అలెగ్జాండర్ కోగన్ ఫేస్‌బుక్‌లో ఒక ప్రశ్నల యాప్ పెట్టాడు. ఆ సమాచారం ఎన్నికల ప్రచారం చేసే కేంబ్రిడ్జి ఎనలిటికాకు చేరింది. 2018లో ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ప్రకారం మన దేశంలో ఆ యాప్ పెట్టుకున్నవాళ్ళు 335 మంది. వివరాలు పోయి ఉండవచ్చన్నది 5,62,455 మందివి. మిగతావాళ్ళు చేసిన నేరం ఆ 335 మందికి స్నేహితులు కావడమే. మన గ్రూపులో ఒక్కరు పీడీఎఫ్ బయటికి పంపితే జరిగేది కూడా ఇదే.

మన పేటలకు కూడా సర్వేకని వస్తుంటారు. కూలి ఎంత, అప్పు ఎంత, దమ్ము ఉందా అని అడుగుతారు. చెప్పండి, మన బాధ ఎవరైనా రాయాలి. కానీ ఈ కాగితం ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నాళ్ళుంటుంది, మా గల్లీ పేరు అచ్చు వేస్తారా, మీ నైతిక సమితి ఒప్పుకుందా అని అడిగి చెప్పండి. మంచి పరిశోధకుడు దీనికి కోపగించుకోడు.

ఇక చట్టం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. ఆ కేసు వేసింది కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి గారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. అసలు బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు అమలులోకి వస్తాయి. కంపెనీలకే అనుకోకండి, మనలాంటి సంఘాలకూ వర్తిస్తుంది. అనుమతి స్పష్టంగా తీసుకోవాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోనివ్వాలి. 18 ఏళ్ళ లోపు పిల్లలవైతే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. మనకు పనికొచ్చే మాట ఇంకోటి ఉంది. అనుమతి అడిగే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలు ఇవ్వాలి. షోలాపూర్‌లో ఉన్నా, సేలంలో ఉన్నా తెలుగులో అడగవచ్చన్నమాట. అయితే మన వివరాలు మనమే అందరికీ కనబడేలా పెట్టుకుంటే ఆ చట్టం వాటికి వర్తించదు. పిల్ల బయోడేటా ఫేస్‌బుక్‌లో పెట్టే తండ్రులు ఇది గుర్తుంచుకోవాలి.

డైరెక్టరీ వద్దని మాత్రం నేను అనను. నా పెళ్ళి సంబంధం ఆ పుస్తకంలోనే దొరికింది, మా ఆవిడ ఇక్కడే కూర్చుంది. చెదిరిపోయినవాళ్ళకు అది లేకపోతే పిల్లలకు సంబంధాలు దొరకవు. పొద్దున కమిటీలో ఒక పెద్దాయన "జాతకం చూడకుండా పెళ్ళిళ్ళు చేస్తామా" అన్నారు. చూడాలి. కానీ వెయ్యిమందీ చూడాలా, అడిగిన రెండిళ్ళవాళ్ళు చూస్తే చాలదా?

నేను కమిటీ ముందు పెట్టినది ఇది. ఈ డిజిటల్ సంచికలో కుటుంబాల జాబితా వేయవద్దు. పరిచయ పుస్తకంలో వరుస సంఖ్య, పుట్టిన సంవత్సరం, చదువు, జిల్లా మాత్రం వేద్దాం. గోత్రం వేస్తే సగోత్రం తప్పించుకోవచ్చు గనుక అది ఉండనిద్దాం. కానీ ఆ జిల్లా, ఆ గోత్రం, ఆ సంవత్సరం కలిపితే అయిదుగురు లేకపోతే జిల్లా బదులు రాష్ట్రం వేద్దాం. తేదీ, వేళ, ఫోను, ఫొటో మాత్రం ఊరికి ఒక అక్కయ్య దగ్గర ఉంటాయి. అడిగినవాళ్ళెవరో ఆమె కనుక్కొని, పిల్ల ఇంటివాళ్ళు సరేనంటేనే ఇస్తుంది. పెళ్ళి కుదిరాక చెరిపేస్తుంది. పని కొంచెం పెరుగుతుంది, కాదనను. షోలాపూర్ పని నేను చూసుకుంటాను.

ఎవరికైనా మా అత్తకు వచ్చినట్టు ఫోను వస్తే పెట్టేసి, పిల్లాడి నంబరుకు మీరే చేయండి. డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి చేయండి. మా అత్త నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. డబ్బు తిరిగి రాలేదు.

పాత డైరెక్టరీలో తమ వివరాలు తీసేయమనేవాళ్ళకు ఫారాలు ద్వారం దగ్గర బల్ల మీద పెట్టాను, తెలుగులోనే. తెలుగు చదవడం రాని పిల్లలకు మరాఠీ, తమిళం, కన్నడం, ఒడియాలో కూడా ఉన్నాయి. వాట్సాప్‌లో పోయినదాన్ని నేను వెనక్కి తేలేను. మన దగ్గర ఉన్నదాంట్లోంచి తీసేస్తాను. మొదటి ఫారం మా అత్తది, పొద్దున్నే వచ్చింది.