ఆవకాయకు స్టీలు డబ్బా: అయస్కాంతానికి తెలియని సంగతి



మామిడికాయ దిగింది. ఆవాలు ఎండబెట్టడం, కారం కొట్టించడం, కళ్ళుప్పు దంచుకోవడం ఇళ్ళల్లో మొదలయ్యాయి. ఏటా ఈ రోజుల్లో వచ్చే ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగేది ఒకటే. "జాడీలు ఎత్తి దించలేకపోతున్నాం. ఆవకాయ స్టీలు డబ్బాలో పెట్టుకోవచ్చా? మాది మంచి స్టీలేనండీ, అయస్కాంతం పెట్టి చూశాం, అంటుకోలేదు."

అడగడంలో తప్పేమీ లేదు. ఆ చివరి మాటతోనే నాకు పేచీ. అయస్కాంతం అంటుకోకపోతే మేలురకం స్టీలు అన్న నమ్మకం మన ఇళ్ళల్లో ఎంత గట్టిగా నాటుకుందంటే, సామాన్ల కొట్టువాళ్ళే గల్లాపెట్టె దగ్గర ఒక అయస్కాంతం ఉంచుకుని మీ ఎదుటే పరీక్ష చేసి చూపిస్తున్నారు. ఆ పరీక్ష ఊరగాయ డబ్బా ఎంచుకోవడానికి పనికిరాదు. ఎందుకు పనికిరాదో ఇవాళ చెబుతాను.

ఇనుములో క్రోమియం కలిపితే తుప్పు పట్టని ఉక్కు వస్తుంది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ అనే ఆయన చేసిన ఉక్కుతో ఇది వాడుకలోకి వచ్చింది. ఆ క్రోమియం గాలి తగిలి పాత్ర మీద కంటికి కనిపించని సన్నటి పొరగా ఏర్పడుతుంది. గీత పడినా గాలి తగిలితే మళ్ళీ అదే పూడుకుంటుంది. ఆ పొర ఉన్నన్నాళ్ళూ పాత్రకు ఢోకా లేదు. ఆ పొరకు శత్రువు ఉప్పు. ఉప్పుకు పులుపు తోడైతే మరీను. ఆవకాయలో ఆ రెండూ దండిగా ఉంటాయి, అదీ ఏడాది పొడుగునా.

ఇక రకాల సంగతి. 304 అనే రకంలో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. పాల డెయిరీల్లో ట్యాంకులు, బీరు పులియబెట్టే పెద్ద పీపాలు చేసేది ఎక్కువగా దీనితోనే. 316 అనే రకంలో మాలిబ్డినం కూడా కలుస్తుంది కాబట్టి ఉప్పుకు ఇంకా బాగా ఆగుతుంది. ఖరీదూ ఎక్కువే. మూడోది 200 వరసలో వచ్చే 201, 202 రకాలు. నికెల్ ఖరీదైన లోహం కనక వీటిలో దాన్ని తగ్గించి మాంగనీసు పెంచుతారు. బజార్లో చవగ్గా దొరికే గిన్నెలూ డబ్బాలూ చాలావరకు ఈ వరసవే. అన్నం తినడానికి, పప్పులు పోసుకోవడానికి వీటితో ఏ ఇబ్బందీ లేదు. ఉప్పూ పులుపూ నెలల తరబడి నిలవుంటే మాత్రం ఇవి ముందు లొంగిపోతాయి.

ఇప్పుడు అయస్కాంతం దగ్గరికి వద్దాం. ఉక్కుకు అయస్కాంతం అంటుకోకుండా చేసేది నికెల్. మాంగనీసు కూడా ఆ పని చేస్తుంది. అంటే 304కీ అంటుకోదు, 202కీ అంటుకోదు. ఏది ఏదో అయస్కాంతం ఎలా చెబుతుంది? పైగా అసలైన 304 డబ్బాకే, రేకును లాగి మలిచిన మూలల దగ్గర అయస్కాంతం కాస్త పట్టవచ్చు. మంచి డబ్బాను ఆ కారణంగా వద్దని తిప్పి పంపినవాళ్ళను నేనెరుగుదును. ఇండక్షన్ పొయ్యి గిన్నెల అడుగుకైతే అయస్కాంతం అంటుకుని తీరాలి, లేకపోతే గిన్నె వేడెక్కదు. దాన్ని నాసిరకం అంటామా?

పోయినేడు నా దగ్గరికి ఒక అత్తాకోడళ్ళు వచ్చారు. కోడలి చేతిలో అయిదు కిలోల స్టీలు డబ్బా, ఫ్రిజ్జుకు అంటించే అయస్కాంతం బొమ్మ. "చూడండి మేడం, జారిపోతోంది. కొట్టతను ఫస్టు క్వాలిటీ అన్నాడు. మరి ఆవకాయ ఎందుకు నల్లబడింది?" అంది ఆ అమ్మాయి. అత్తగారు వెంటనే అందుకున్నారు. "ఎందుకేమిటమ్మా, తడి గరిటె పెట్టుంటుంది. మా ఇంట్లో ఎప్పుడూ ఇలా కాలేదు." కోడలు తలవంచుకుంది.

డబ్బా మూత తీశాను. పైన ఎర్రటి నూనె నిండుగా తేలి ఉంది. బూజు జాడ లేదు. తడి తగిలితే పైన తెల్లగా బూజు రావాలి, వాసన మారాలి. ఆ రెండూ లేవు. గరిటెతో అడుగు నుంచి తిరగదీస్తే, డబ్బా గోడకు ఆనుకుని ఉన్న ముక్కలే నల్లబడ్డాయి. మధ్యలో ఉన్న ముక్కలు చక్కగా ఎర్రగా ఉన్నాయి. ఊరగాయ మొత్తం వేరే పళ్ళెంలోకి తీయించి, డబ్బా కడిగించి, కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుని చూశాం. లోపలి గోడ మీద, అడుగు అంచు చుట్టూ సూదితో పొడిచినట్టు సన్నటి గుంటలు. ఒక్కో గుంట చుట్టూ గోధుమరంగు మరక. వేలు పెట్టి రాస్తే గరుకుగా తగిలింది.

జరిగింది ఇదీ. ఉప్పూ పులుపూ కలిసి ఆ సన్నటి పొరను అక్కడక్కడా తిన్నాయి. అక్కడి నుంచి ఇనుము ఊరగాయలోకి దిగింది. మామిడి ముక్కలో, టెంకలో ఉండే వగరుకు ఇనుము తగిలితే నలుపు వస్తుంది. ఇందులో గరిటె తప్పు లేదు, కోడలి తప్పు అంతకన్నా లేదు. అత్తగారితో ఆ మాట గట్టిగానే చెప్పాను. ఆవిడ కోడలి వైపు తిరిగి, "పోనీలే అమ్మా, ఈసారి జాడీలోనే పెడదాం" అన్నారు. ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రసంగంలో సగం ఈ కథే అయినట్టుంది. కానీ ఎన్ని ఇళ్ళల్లో నల్లబడ్డ ఊరగాయకు ఆడపిల్లలు మాటపడుతున్నారో తలుచుకుంటే చెప్పకుండా ఉండలేకపోయాను.

అలాగని స్టీలు పాత్రలన్నీ అటకెక్కించకండి. దోసెల పిండి, ఇడ్లీ పిండి స్టీలు గిన్నెలో నిక్షేపంగా పులుస్తాయి. అది ఒక్క రాత్రి పని, ఉప్పు కూడా తక్కువే. గిన్నెలో సగం మించి పిండి పోయకండి, మూత బిగించకండి. పులిసేటప్పుడు గాలి పుడుతుంది, దానికి దారి ఉండాలి. పెరుగు కూడా స్టీలులో తోడేసుకోవచ్చు. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో మాత్రం పెరుగు, పులుసు వద్దు. చిలుము దిగి వాంతులవుతాయి. అల్యూమినియంలో కూడా పులుపు నిలవ ఉంచకండి. ఆవకాయ కలపడానికి స్టీలు బేసిన్ వాడారా, ఫరవాలేదు. కలిపిన వెంటనే జాడీకి ఎత్తి వాసెన కట్టండి. మూడోనాడు తిరగకలిపినా మళ్ళీ జాడీలోకే చేర్చండి.

కొత్తగా స్టీలు పాత్ర కొనేవాళ్ళు అయస్కాంతం ఇంట్లో వదిలేసి వెళ్ళండి. పాత్ర మీద 304 అని గానీ 18/8 అని గానీ ఉందేమో చూడండి. గ్రేడు బిల్లులో రాసిమ్మని అడగండి. రాయడానికి కొట్టతను వెనకాడితే మీకు సంగతి అర్థమైనట్టే. స్టెయిన్‌లెస్ స్టీలు వంటపాత్రలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేస్తూ 2024లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, అదీ చూడండి. ఆ తర్వాత లోపల చెయ్యి పెట్టి తడమండి. పులియబెట్టే పాత్రకు లోపల అతుకులు, రివెట్లు ఉండకూడదు. అంచు లోపలికి మడిచి ఉంటే ఆ మడతలో పిండి ఇరుక్కుంటుంది, ఎంత తోమినా పోదు, మర్నాడు కొత్త పిండిలో పాత వాసన వస్తుంది. అలాంటిది కొనకండి.

తోమేటప్పుడు ఇనుప పీచు వద్దు. దాని తునకలు పాత్రకు పట్టుకుని అవే తుప్పు పడతాయి. కొబ్బరిపీచు చాలు. బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో స్టీలు నానబెట్టకండి, ఉప్పు చేసే హానే అదీ చేస్తుంది. చన్నీళ్ళ గిన్నెలో కళ్ళుప్పు వేసి కలపకుండా వదిలేస్తే అడుగున మచ్చలు పడతాయి, నీళ్ళు మరిగాక వేయండి.

జాడీ బరువు అని రాసినవాళ్ళకు నా జవాబు. పెద్ద జాడీ ఒకటి బదులు చిన్నవి మూడు నాలుగు పెట్టుకోండి, లేదా వెడల్పు మూతి గాజు సీసాలు తీసుకోండి. జాడీ లోపలి మెరుగు పగుళ్ళిచ్చి ఉంటే అదీ వాడకండి. ఇప్పటికే స్టీలు డబ్బాలో పోయినేటి ఊరగాయ ఉన్నవాళ్ళు కంగారు పడకండి, అది విషం కాదు. నల్లబడ్డ ముక్కలు, లోహపు రుచి వచ్చినవి పారేసి, మిగిలింది ఇవాళే గాజు సీసాలోకి మార్చండి. నికెల్ పడక చర్మం దురద పెట్టేవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ పని అసలు వాయిదా వేయకండి.

304 అయినా సరే, ఏడాది నిలవుండే ఆవకాయకు స్టీలు డబ్బా వద్దు. ఈ వారం కాయ కొట్టించేముందు మీ డబ్బాలు ఒక్కసారి వెలుగులో పట్టి లోపల చూసుకోండి.