మన పక్షపు సమ్మతిదారులు

(రోలుగుంట సభలో చేసిన యుపన్యాసము)

ఎదుటి పక్షమును నిందించుటకు మేమిచ్చటికి రాలేదు. మా మనస్సును నొప్పించినవారు మన పక్షపు సమ్మతిదారులే. గడచిన ఎన్నికలలో ఓటరు చీటీలు పంచుచు నింటింటికి పోగా, మన జెండా కట్టిన గుమ్మముననే “చీటీ సరే, కవరేదీ?” యని యడిగిరి. మాకు నోట మాట రాలేదు.

మనలను ఓడించుట సమ్మతిదారుల హక్కు. 1928లో సైమను కమిషను బహిష్కారమునాడు చెన్నపురిలో తుపాకుల కెదురుగ రొమ్ము చూపిన టంగుటూరి ప్రకాశము పంతులుగారు, కాంగ్రెసును వీడి నిలువగా, 1952లో ఆ చెన్నపురిలోనే ఓడిరి. చేసిన త్యాగమునకు ఓటు వడ్డీ గాదు. అట్టి తీర్పునకు తల యొగ్గవలసినదే.

ఓటును విక్రయించుట మాత్రము హక్కు గాదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టములోని 123వ సెక్షను, ఓటునకు లంచమిచ్చుటనే గాక పుచ్చుకొనుటను గూడ అవినీతి చర్య యనుచున్నది.

అయితే న్యాయవాదులమైన మేము మమ్మే ప్రశ్నించుకొనవలెను. మొదట ధర పలికిన దెవరు? మన సంచియే గదా! ఎన్నికకు నెన్నికకు నడుమ ఈ గడపలు మన మెన్నిమారులు త్రొక్కితిమి? ఐదేండ్లు మాట లేనిచోట కవరే మాటలాడును. కావున ముందు మన సంచి మూయుదము. నేటినుండియే గడపగడపకు వట్టిచేతులతో పోవుదము. అందువలన ఓటమి వచ్చిన రానిండు!