వాగు తగ్గినాకే బిడ్డను పంపండి

(కౌడిపల్లి సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

2025 ఆగస్టు 27, వినాయక చవితి. ఆ వాన మీరంతా చూసిందే. కామారెడ్డి జిల్లా అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటింది. 1922లో కట్టిన పోచారం ప్రాజెక్టు కట్ట నిలబడింది గానీ కింద రోడ్డు కొట్టుకుపోయింది. రామాయంపేటలో ఆడపిల్లల హాస్టల్‌ను వరద చుట్టుముడితే సహాయ బృందాలు వచ్చి వాళ్లను బయటికి తెచ్చాయి. ఆ వార్త విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనూ ఆడపిల్లల హాస్టల్ తాళాలు పట్టుకున్నదాన్నే కదా!

అయినా హాస్టల్ కంటే నాకు దారి భయం ఎక్కువ. పండక్కి పోయిన బిడ్డకు హాజరు పోతుందని తండ్రి బండి మీద ఎక్కించుకొని పారే వాగులోంచి తెస్తాడు. ముందర ఒకరు, వెనక ఇద్దరు! 'ఈ దారి నాకు తెల్వదా మేడం' అంటారు. దారి తెలుసు, సరే. నీళ్ల కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో ఎట్లా తెలుస్తుంది? మోకాళ్ల లోతు నీళ్లే అయినా జోరుగా పారితే పెద్దమనిషినే పడగొడతాయి.

మన తండా ముసలోళ్లు వాగు నీళ్లు రంగు మారి, చెత్తాపుల్లలు కొట్టుకొస్తే పైన వాన పడిందని పసిగట్టి మేకలను ఒడ్డెక్కిస్తారు. మేకకున్న జాగ్రత్త బిడ్డకు వద్దా?

'మేడం, వాగొచ్చింది' అని ఒక్క ఫోన్ చేయండి, చాలు. పోయిన పాఠం నేనే కూర్చోబెట్టి చెప్తా, టీచర్ ట్రైనింగ్ చేసింది ఎందుకు మరి! వాన పడుతుంటే తీసుకుపోవడానికీ రావద్దు. వాకిట్లో నోటుబుక్కు పెట్టాను. తండాకు ఒకరి నంబరు రాసి, తర్వాత భోజనాలకు పోండి.