విశ్వవిద్యాలయంలో కొలువులు

విశ్వవిద్యాలయం అనగానే మన కన్నులకు కట్టేది పాఠం చెప్పే ఆచార్యుడు. ఆయన చుట్టూ పనిచేసే జనం సంగతి ఉద్యోగ ప్రకటన వెలువడినప్పుడు గాని మనకు స్ఫురించదు. రిజిస్ట్రారు, ఆర్థికాధికారి, సహాయ రిజిస్ట్రార్లు, గుమాస్తాలు ఒక వైపు. జూనియర్ రీసెర్చి ఫెలోలు, ప్రాజెక్టు సహాయకులు మరొక వైపు. ఈ రెండు వర్గాల కొలువులకు ఆయుర్దాయం వేరు. మన యువతీయువకులు జీతం అంకెను చదివినంత శ్రద్ధగా ఈ భేదాన్ని చదవరని మా అభిప్రాయం.

పరిపాలన కొలువు సాధారణంగా మంజూరైన పదవి. మనిషి మారినా పదవి నిలుస్తుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో సహాయ రిజిస్ట్రారు పదవికి 55 శాతం మార్కులతో స్నాతకోత్తర పట్టా కోరుతారు. రిజిస్ట్రారు కావాలంటే 15 ఏళ్ల అనుభవం ఉండాలి. ఆ పదవి మాత్రం 5 ఏళ్ల గడువుకే.

ప్రాజెక్టు కొలువు అట్లా కాదు. అది పథకంతో పుట్టి పథకంతో ముగుస్తుంది. మూడేళ్ల పథకంలో రెండవ ఏడు గడిచిన తరువాత చేరినవారికి మిగిలేది ఒక్క ఏడే. ప్రకటన చివర చిన్న అక్షరాలలో ఉండే "తాత్కాలికం" అనే మాటకు అర్థం ఇదే. యు.జి.సి. వారి జూనియర్ రీసెర్చి ఫెలోషిప్పు ఇంతకంటె మెరుగు. 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల పిమ్మట అర్హతను బట్టి 42,000. ఐతే దీనికి వయఃపరిమితి 30 ఏళ్లు. స్త్రీలకు, మరికొన్ని వర్గాలవారికి 5 ఏళ్ల సడలింపు ఉన్నది. తాత్కాలికపు కొలువులు ఒకదాని వెనుక ఒకటి పట్టుకొని తిరిగేవారికి ఆ పరిమితి తెలియకుండానే దాటిపోతుంది.

ఈ రెండు వర్గాలూ కలిసే చోటు ఒకటున్నది. పరిశోధన నిధులు వాయిదాలలో వస్తాయి. మొదటి వాయిదాకు వినియోగ ధ్రువపత్రం పంపితే గాని తరువాతి వాయిదా సాధారణంగా విడుదల కాదు. ఆ పత్రం లెక్కల విభాగంలో ఒక బల్ల మీద నిలిచిపోతే, ప్రయోగశాలలో పనిచేసే పిల్లవానికి నెల జీతం ఆగిపోతుంది. అందువల్ల గుమాస్తా పనిని పరిశోధనకు పరాయిదిగా చూడటం మాకు సమ్మతం కాదు. ప్రయోగశాలనూ కార్యాలయాన్నీ రెంటినీ ఎరిగినవారు మనలో లేకపోలేదు. సూరి భగవంతం 1928లో కలకత్తాలో రామన్ వద్ద పరిశోధనకు చేరారు. 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. 1952లో ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్ అయ్యారు.

ఇంటర్వ్యూకు వెళ్లేవారు అడగడానికి మొగమాటపడుతారు. పథకం ఏ తేదీన ముగుస్తుంది, ఈ కొలువులో ఉంటూ పిహెచ్.డి.కి నమోదు కావచ్చునా, నిధులు ఆలస్యమైతే జీతం ఎవరు ఇస్తారు — ఈ మూడింటికీ జవాబు నియామకపత్రం పుచ్చుకొనేలోపల, వీలైతే వ్రాతపూర్వకంగా, తెలుసుకోవాలి. మొదటి ప్రశ్నకు జవాబు ఆచార్యుని వద్దనే దొరుకుతుంది. మూడవదానికి మాత్రం లెక్కల విభాగానికే వెళ్లవలె.